సరిపోలని వరస

మా కాలేజీలో చీపురు మీద కూడా కాలేజీ పేరు ఉంటుంది. రాసింది నేనే.

కుర్చీ, బెంచీ, ఫ్యాను, డస్టరు, నీళ్ళ డ్రమ్ము, చెత్తబుట్ట, ఏది కొత్తగా వచ్చినా దాని మీద తెల్ల పెయింటుతో కాలేజీ పేరూ, కింద ఒక నంబరూ వెయ్యడం పదకొండేళ్ళుగా నా డ్యూటీ. నేను కంప్యూటర్ ల్యాబ్ అటెండర్ని. ఏడాదికోసారి స్టాకు పుస్తకం చంకన పెట్టుకుని, పుస్తకంలో ఉన్న నంబరూ వస్తువు మీద ఉన్న నంబరూ ఒకటేనా అని సరిచూడటం కూడా నా పనే. ఆ ఆవరణలో నా చేతిరాత పడని వస్తువు లేదు. నా పేరు మాత్రం పర్మినెంటు రిజిస్టర్లో ఎక్కలేదు. ఏటా "తాత్కాలికం" అని ఒక కాగితం చేతిలో పెట్టేవాళ్ళు. పదకొండేళ్ళ తాత్కాలికం ఎక్కడైనా ఉంటుందా అంటే, మా దగ్గర ఉండేది.

ఆ సమ్మె వేసవి గురించి ఎవరడిగినా మా ఆయన తన మొదటి ఉపన్యాసం దగ్గర ఎత్తుకుంటారు. నేను చీపురు దగ్గర ఎత్తుకుంటాను. జరిగిన గొడవంతా నా రాత అలవాటు వల్లే వచ్చింది మరి.

సమ్మెకి ఆరు నెలల ముందు జువాలజీ మేడమ్ ల్యాబ్‌కి వచ్చింది.

"నీ కంప్యూటర్లు రోజుకి ఎన్ని గంటలు ఖాళీగా ఉంటాయమ్మా?" అని అడిగింది.

"క్లాసులు నాలుగు గంటలే మేడమ్. మిగతా టైమంతా అవీ నేనూ మొహమొహాలు చూసుకుంటూ కూర్చుంటాం."

ఆవిడ నవ్వి కుర్చీ లాక్కుంది. ప్రతి ప్రాణిలోనూ ప్రొటీన్లు ఉంటాయట. ఒక్కో ప్రొటీనూ పూసల దండలాంటి వరస. ఇరవై రకాల పూసలు, ఒక్కో రకానికీ ఒక్కో అక్షరం. కొత్త వరస దొరికినప్పుడు అదేం పని చేస్తుందో ఎవరికీ తెలియదు. తెలిసిన వరసల పక్కన పెట్టి చూస్తే, దేనితోనైనా పోలిక కనిపిస్తే, ఇదీ బహుశా ఆ పనే చేస్తుందని పట్టుకోవచ్చు. అది రేపు ఒక మందుకి దారి కావచ్చు, ఒక పంట తెగులుకి విరుగుడు కావచ్చు. అలాంటి వరసలు కోట్లలో ఉన్నాయి, అన్నిటినీ అన్నిటితో పోల్చాలి. ఏ ఒక్క కంప్యూటరు వల్లా తెమిలే పని కాదు. అందుకని ఆ పనిని ముక్కలు చేసి, ఖాళీగా ఉన్న కంప్యూటర్లున్న వాళ్ళెవరు ముందుకొస్తే వాళ్ళకి పంచుతున్నారు. జీతం లేదు, బహుమతి లేదు. చేసినదానికి పేరు పక్కన కాసిని పాయింట్లు పడతాయి, అంతే.

ఇంటికొచ్చి ఇదంతా మా అత్తయ్యకి చెప్పాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఇందులో వింతేముంది అమ్మాయ్? నేను రోజూ చేసేదేగా," అంది.

అదీ నిజమే. వీధిలో ఎవరైనా కొత్త మనిషి వెళ్తుంటే మా అత్తయ్య కిటికీలోంచి ఒక్క చూపు చూసి, "ఆ నడక వాళ్ళ మేనత్తది, చెవులు తాతవి. కోపం కూడా ఆ ఇంటిదే అయ్యుంటుంది, జాగ్రత్త," అనేస్తుంది. పదింటికి తొమ్మిది నిజమవుతాయి.

మేడమ్ అనుమతి కాగితం రాసింది. ప్రిన్సిపాల్ టీ తాగుతూ, చదవకుండానే సంతకం పెట్టేశారు. నలభై రెండు కంప్యూటర్లలోనూ ఆ ప్రోగ్రాం ఎక్కించాను. మీ పేరేమిటి అని అడిగింది, రాశాను. మీ టీమ్ పేరేమిటి అని అడిగింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెత్తబుట్ట మీద రాసినట్టే కాలేజీ పేరు రాసేశాను.

వారం తిరిగేసరికి పాయింట్లు వచ్చినవాళ్ళ జాబితాలో నా పేరు కనిపించింది. మొదటిసారి చూసినప్పుడు దాన్ని వేలితో తాకాను. స్క్రీను మీద వేలిముద్ర పడింది. రోజూ ఊళ్ళో వాళ్ళందరి వేలిముద్రలూ తుడిచే నేను, ఆ ఒక్కదాన్ని రెండు రోజులు తుడవలేదు.

*

పరీక్షలు రెండు నెలలున్నాయనగా నోటీసు అంటించారు. తాత్కాలిక అటెండర్లు ఇరవై రెండు మందినీ తీసేస్తున్నారు, మా పనంతా ఒక ఏజెన్సీకి ఇస్తున్నారు. మా ఆయన కాలేజీ ఎలక్ట్రీషియను, పర్మినెంటు మనిషి, సంఘానికి సెక్రెటరీ. ఆయన ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. అయినా నోటీసు చదివిన పూటే పర్మినెంటు వాళ్ళందర్నీ కూడగట్టి సమ్మె అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన్ని చూస్తే నాకు గర్వంగా అనిపించింది, ఇప్పుడు దాచడమెందుకు.

గేటు ఎదురుగా టెంటు వేశాం. లోపలి కర్రకి ఇరవై రెండు మంది పేర్లూ వరసగా రాసిన అట్ట కట్టాం. పైన బ్యానరు. 'సమ్మె కాలంలో గేటు దాటిన వారి పేరు సంఘం నుంచి కొట్టివేయబడును.' మాట ఆయనది, పెయింటు బ్రష్షు నాది.

మొదటి రోజు ఎనిమిదింటికల్లా అందరం బయటికి రావాలి. నేను ఏడున్నరకి ల్యాబ్‌లోకి వెళ్ళి నలభై రెండు కంప్యూటర్లూ ఆన్ చేశాను. ఒక్కో స్క్రీను మీదా రంగురంగుల అక్షరాలు రెండు వరసలుగా పాకుతూ, పోలిక దొరికిన చోట తళుక్కుమంటూ కదలడం మొదలుపెట్టాయి. అలాగే వదిలేసి, తాళం వేసి, వచ్చి టెంటులో కూర్చున్నాను.

నా వాదన నాకుంది. సమ్మె చేసేది మనుషులు. ఆ కంప్యూటర్లకి నోటీసు రాలేదు, అవి యాజమాన్యానికి పనీ చెయ్యడం లేదు. అవెందుకు ఆగాలి? ఈ మాట మా ఆయనకి చెప్పలేదు. చెబితే వద్దంటారని తెలుసు కాబట్టే చెప్పలేదు.

ఎనిమిది రోజులు బాగానే గడిచాయి. తొమ్మిదో రోజు పొద్దున గంట బాబాయ్ పేపరు తెచ్చాడు. గంట బాబాయ్ అంటే కాలేజీలో గంట కొట్టే అటెండరు. పందొమ్మిదేళ్ళుగా తాత్కాలికంగా కొడుతున్నాడు. మా ఆయన రోజూ పేపరు అందరికీ వినబడేలా చదివేవారు. ఆ రోజూ గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"సమ్మె ప్రభావం శూన్యం. కాలేజీలో పరిశోధన యథాతథం. బయట నలుగురు కూర్చున్నంత మాత్రాన తమ కాలేజీ ఆగదని ప్రిన్సిపాల్ తెలిపారు. పరిశోధనకు తోడ్పడే సంస్థల జాబితాలో తమ కాలేజీ పేరు ఈ వారం కూడా పైకే..."

అక్కడ ఆగిపోయారు. పైన ఫొటో ఉంది. ల్యాబ్ మధ్యలో ప్రిన్సిపాల్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెనక వరసలు వరసలుగా స్క్రీన్లు వెలుగుతున్నాయి. ఒక్కో స్క్రీను నెత్తిన తెల్ల పెయింటుతో నా చేతిరాత కూడా కనిపిస్తోంది.

"ఇవాళ్టికి పేపరు చాలు," అని ఆయన మడతపెట్టేశారు.

 టెంటులో అందరూ నావైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నారు. తిట్టినా బాగుండేది.

*

 ఇంటికి చేరి, గడప దగ్గర చెప్పులు విప్పుతూ ఆయన అడిగారు.

"ఎవరు ఆన్ చేశారు?"

"నేనే."

"సమ్మె మొదలయ్యాకా?"

"ముందే. అరగంట ముందు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వద్దంటారుగా."

"అంటాను! ఎందుకనను? ఈ సమ్మె ఎవరి కోసం? నా కోసమా? నీ కోసం, నీలాంటి ఇరవై రెండు మంది కోసం అంతమందిని ఎండలో కూర్చోబెడితే, నువ్వు తీసుకెళ్ళి వాళ్ళ చేతికి ఫొటో ఇస్తావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా కోసమే అయితే, ఆ ల్యాబ్‌లో నేనేం చేస్తున్నానో ఒక్కరోజన్నా అడిగారా? మీ ఉపన్యాసంలో ఏమంటారు? 'దుమ్ము దులిపే చేతులు' అంటారు. నేను దుమ్మే దులుపుతున్నానా? ఆ నలభై రెండు మెషిన్లనీ కంటికి రెప్పలా కాచి నడిపిస్తున్నది నేను. ఇంత పెద్ద కాలేజీలో నా పేరు ఎక్కడా లేదు. ఆ జాబితాలో ఒక్కచోట ఉంది. దాన్ని ఆపడానికి నాకు చెయ్యి రాలేదు. ఆపను కూడా!"

"అయితే నువ్వు ప్రిన్సిపాల్ కోసం పనిచేస్తున్నట్టే."

"ఆయన కోసం నేనెందుకు చేస్తాను?"

"మరి టీమ్‌కి ఎవరి పేరు పెట్టావ్?"

 

మంచం మీద కూర్చుని అంతా విన్న అత్తయ్య ముందు కొడుకు మీద పడింది. "ఒరే, అదేమన్నా కావాలని చేసిందా? చీపురు మీద రాసినట్టు రాసింది. గొంతు తగ్గించు." తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు కూడా అమ్మాయ్. నీ బిడ్డని తీసుకెళ్ళి పక్కింటాయన పేరున బళ్ళో వేస్తే, వాడు 'నా బిడ్డే' అనక ఏమంటాడు?"

ఆయన కోపం నన్ను ఏమీ చెయ్యలేదు గానీ అత్తయ్య మాట ఎక్కడో తగిలింది. ఆ మధ్యాహ్నమంతా వంటింట్లో గిన్నెలు దబదబా పెడుతూనే ఉన్నాను. ఆరు నెలలు నేను పోగుచేసినదంతా వాళ్ళ ఖాతాలో పడిందన్న సంగతి నాకు ఇంత ఆలస్యంగా తట్టినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆపాలి. కానీ ఆయన చెప్పినందుకు కాదు. నేను ఆపాలనుకున్నాను కాబట్టి.

*

మర్నాడు పొద్దున టెంటులో అందరూ వచ్చాక లేచి నిలబడ్డాను.

"నేను లోపలికి వెళ్తున్నాను. సంతకం పెట్టడానికి కాదు. మెషిన్లు ఆపడానికి. ఇక్కడ కూర్చుని ఆపే దారి నాకు తెలీదు."

కొందరు తలూపారు. స్టోర్ కీపరు మాత్రం పైన బ్యానరుని చూపించాడు. "వెళ్తే మంచిదే. కానీ గేటు దాటితే పేరు కొట్టేస్తామని రాసుకున్నాం కదా. సెక్రెటరీగారి ఇంటివాళ్ళకైతే ఒకటి, మాకైతే ఒకటా?"

అందరూ మా ఆయన్ని చూశారు. ఆయన నన్నూ చూడలేదు, బ్యానరునీ చూడలేదు. కింద చాప అంచు చూస్తూ, "రూలు అందరికీ ఒకటే," అన్నారు.

"తెలుసు. రాసింది నేనేగా," అని బయల్దేరాను. గంట బాబాయ్ లేచొచ్చి గేటు తలుపు తోసి పట్టుకున్నాడు. తను మాత్రం గేటుకి ఇవతలే ఉన్నాడు.

ప్రిన్సిపాల్ నన్ను కిటికీలోంచే చూసినట్టున్నారు. వరండాలోకి ఎదురొచ్చారు. పదకొండేళ్ళలో ఆయన నాకు ఎదురు రావడం అదే మొదలు.

"రామ్మా, రా! నువ్వు తెలివైనదానివని నాకు ముందే తెలుసు." బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. "ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు. ఇవాళే పర్మినెంటు ఆర్డరు టైపు చేయిస్తాను. మీ ఆయన సెక్రెటరీ అయితే కానీ, ఎవరి బతుకు వాళ్ళదమ్మా."

పెన్ను మూత తీసి మరీ నాకు అందించారు. పేజీ చూశాను. అరవై పేర్లున్నాయి. అరవై ఒకటి అని నంబరు వేసి, ఎదురుగా ఖాళీ ఉంచారు. నా పేరుకి సరిగ్గా సరిపోయేంత ఖాళీ. మనసు ఊగలేదని అబద్ధం చెప్పను. పదకొండేళ్ళుగా ఆ పుస్తకం అట్టని తుడిచాను గానీ లోపలి పేజీ చూడటం అదే మొదటిసారి.

"పెన్ను అక్కడే ఉంచండి సార్. నా పని వేరే ఉంది," అన్నాను.

ఆఫీసులో ఉండే రెండో తాళంచెవితో తీసినట్టున్నారు, ల్యాబ్ తెరిచి ఉంది. మొదటి వరస నుంచి మొదలుపెట్టాను. ఒక్కో మెషిన్లో ప్రోగ్రాం ఆపి, తీసేసి, కరెంటు కట్టేసి, పక్కదానికి. పదిహేడో నంబరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. దాని చేతిలో ఉన్న ముక్క తొంభై ఆరు శాతం అయిపోయింది. ఇంకో పావుగంట ఆగితే చాలు. గుమ్మంలో ప్రిన్సిపాల్ ఫోను పైకెత్తి నన్ను ఫొటో తీస్తున్నారు, స్క్రీన్ల మధ్య నేను, డ్యూటీలో ఉన్నట్టు. దాన్ని కూడా ఆపేశాను. మనం వదిలేసిన ముక్క వృథా పోదనీ, ఇంకెవరికో పంపిస్తారనీ మేడమ్ ముందే చెప్పింది. అయినా ఏడుపొచ్చింది. ఆయన చూస్తుండగా ఏడవదలుచుకోలేదు కాబట్టి పద్దెనిమిదో నంబరు మీద దుమ్ము ఊదాను.

నలభై రెండూ అయ్యాక తాళంచెవి తీసి రిజిస్టరు మీద పెట్టాను.

"ఇదీ కాలేజీదే సార్. పేరు కూడా రాసి ఉంది, చూసుకోండి."

"ఇది చాలా దూరం వెళ్తుంది," అన్నారాయన.

"వెళ్ళనివ్వండి సార్."

బయటికొచ్చేసరికి టెంటులో అందరూ లేచి నిలబడి ఉన్నారు. స్టోర్ కీపరు నోరు తెరిచేలోపే మా ఆయన అడిగారు, సెక్రెటరీ గొంతుతో. "సంతకం పెట్టావా?"

"లేదు."

"తాళం?"

"ఇచ్చేశాను."

 ఆయన చాప మీద కాస్త పక్కకి జరిగి కూర్చున్నారు. ఆ జరిగినచోట నేను కూర్చున్నాను. స్టోర్ కీపరు బ్యానరు వైపు ఒకసారి చూసి, టీ గ్లాసు అందుకున్నాడు. తర్వాత ఆ రూలు సంగతి ఎవరూ ఎత్తలేదు.

*

రెండు రోజులు మా ఇంట్లో మాటలు పొదుపుగా నడిచాయి. మూడో రోజు ఆయన టెంటుకి ఒక పొడుగాటి చెక్క మోసుకొచ్చారు. దానికి ఇరవై నాలుగు ప్లగ్గులు బిగించి ఉన్నాయి. ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపాయన కరెంటు తీసుకోమని వైరు ఇచ్చాడు.

"జువాలజీ మేడమ్‌ని అడిగాను," అన్నారు నావైపు చూడకుండా, వైరు చుట్టుతూ. "ఆ ప్రోగ్రాం ఫోన్లలో కూడా నడుస్తుందట. ఛార్జింగ్ పెట్టి ఉంటే చాలట. అవెలా పోలుస్తాయో నాకూ చెప్పు."

పెళ్ళయ్యాక నా పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పాను. ఆయనతో పాటు టెంటంతా చుట్టూ చేరింది.

పాత టీమ్ సంగతి ఏం చేద్దామని అడిగాను. దాన్ని తయారుచేసింది నేనే, పేరు మార్చే బటన్ కూడా నా దగ్గరే ఉంది. ఒక్కసారి నొక్కితే ఆరు నెలల పాయింట్లూ మనవైపు వచ్చేస్తాయి. టీమ్ వదిలేసి బయటికొస్తే మాత్రం అవన్నీ కాలేజీ పేరు మీదే ఉండిపోతాయి, కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది.

గంట బాబాయ్ గడ్డం గోక్కుని, "లోపల చేసింది లోపలే ఉండనీ అమ్మా. మనం బయట మొదలెడదాం," అన్నాడు.

మనసు చివుక్కుమంది. అయినా అదే సబబు అనిపించింది. కొత్త టీమ్ పేరు ఏం పెట్టాలని అడిగితే తలో మాటా చెప్పారు. ఈసారి నా చెయ్యి తొందరపడలేదు. అందరూ చెప్పడం అయ్యాక 'గేటు బయట' అని రాశాను.

చెక్క మీద ఇరవై మూడు ఫోన్లు పెట్టాం. సగం వాటికి అద్దాలు పగిలి ఉన్నాయి. ల్యాబ్‌లో ఒక కంప్యూటరు గంటలో చేసేది మా ఫోనుకి రోజంతా పట్టేది. ఎండకి అవి వేడెక్కితే అత్తయ్య తడిగుడ్డ చుట్టబోయింది, మా ఆయన పరిగెత్తుకొచ్చి ఆపి, పక్కన ఫ్యాను పెట్టారు. లైబ్రరీ ఆయనా, హిస్టరీ సారూ తమ ఇళ్ళలో ఉన్న కంప్యూటర్లు కూడా కలిపారు. జాబితా అడుగు నుంచి మొదలై రోజుకి కాస్త పైకి పాకాం. దారినపోయేవాళ్ళు ఆగి, "ఏంటమ్మా ఇది, ఫోన్ల సమ్మెనా?" అని అడిగేవాళ్ళు.

"మేం ఖాళీగా కూర్చున్నాం గానీ పని ఆపలేదు," అని అత్తయ్య జవాబిచ్చేది. రోజూ వచ్చి నా పక్కనే కూర్చునేది.

గంట బాబాయ్‌కి మాత్రం అనుమానాలు తీరేవి కావు.

"మన ఫోను తప్పు చెబితేనో? పాతది కదా."

"అందుకే ఒక్కో ముక్కనీ ఇద్దరికి పంపుతారు బాబాయ్. మనకొకటి, ఎక్కడో తెలియని ఇంకొకరికి ఒకటి. రెండు జవాబులూ ఒకటైతేనే ఒప్పుకుంటారు."

"కాకపోతే?"

"ఒప్పుకోరు. మళ్ళీ పంపిస్తారు."

"ఎన్నిసార్లు?"

"సరిపోలేదాకా."

"బాగుంది," అన్నాడు. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందో నాకు అప్పుడు తెలియలేదు.

*

ముప్పై మూడో రోజు ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పరీక్షలు తరుముకొస్తున్నాయి, ఏజెన్సీ వాళ్ళు పంపిన మనుషులకి ఏ గది ఎక్కడుందో తెలియడం లేదు. ఏజెన్సీని రద్దు చేస్తారట, మమ్మల్ని పర్మినెంటు చేస్తారట. టెంటులో ఈలలు మోగాయి. మా ఆయన కాగితం విప్పి పేర్లు చదవసాగారు. చదువుతూ చదువుతూ ఆగిపోయారు.

"ఏమైంది?" అన్నారెవరో.

ఆయన మిగతాది చదివారు. సమ్మె కాలంలో ల్యాబ్‌లో ప్రవేశించి, యంత్రాలను ఆపి, కాలేజీ ప్రతిష్ఠకు భంగం కలిగించినందున ఒకరిని తీసుకోవడం కుదరదు. మిగిలిన ఇరవై ఒక్క మందీ రేపటి నుంచి డ్యూటీలో చేరవచ్చు.

 పెళ్ళాం కోసం ఇరవై ఒక్క ఇళ్ళని ఎండలో ఉంచమని ఏ సెక్రెటరీ అడగగలడు?  అందుకే నేనే లేచాను.

"సంతకాలు పెట్టండి. నాకేం బాధ లేదు," అన్నాను. బాధ లేకపోవడమేమిటి.

స్టోర్ కీపరు తల దించుకున్నాడు. ఊడ్చే పిన్ని మొహం పక్కకి తిప్పుకుంది. గంట బాబాయ్ మాత్రం వచ్చి మా ఆయన చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. తిన్నగా టెంటు కర్ర దగ్గరికి వెళ్ళి, అక్కడున్న మా పేర్ల అట్ట పక్కన ఆ కాగితం ఆనించాడు. కళ్ళజోడు సర్దుకుని, రెండు చేతుల చూపుడు వేళ్ళూ రెండు వరసల మీదా పెట్టి కిందికి జరుపుతూ వచ్చాడు. ఒక్కో పేరు దగ్గరా ఆగి, చదివి, జరిగాడు.  పద్నాలుగో పేరు దగ్గర ఎడమ వేలు ఆగింది. కుడి వేలికి ఆనుకునే చోటు లేదు.

"ఇక్కడ ఖాళీ ఉంది," అన్నాడు.

"బాబాయ్, అది కాదు..." అన్నాను.

"నువ్వుండమ్మా. రెండూ ఒకటి కాకపోతే ఒప్పుకోరన్నావు. మళ్ళీ పంపిస్తారన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"సరిపోలలేదు. వెనక్కి పంపించు," అని కాగితం మా ఆయన చేతిలో పెట్టాడు. వెళ్ళి చాప మీద తన చోట కూర్చుని, ఫోను ఛార్జింగ్ వైరు సరిచేసుకున్నాడు.

ఊడ్చే పిన్ని కూడా కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. చివర స్టోర్ కీపరు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నినాదాలివ్వలేదు. మా ఆయన ఆ కాగితం వెనక 'సరిపోలలేదు' అని ఒకే మాట రాసి పంపించారు. ఏ ఉపన్యాసంలోనూ ఆయన అంత బాగా మాట్లాడలేదు.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "నీకు చుట్టాలు లేరనుకున్నాను అమ్మాయ్. ఇంతమంది ఉన్నారే," అంది. అప్పుడు ఏడిచాను. ఎవరు చూస్తే నాకేం?

ఇంకో పన్నెండు రోజులు కూర్చున్నాం. రెండుసార్లు కాగితం వచ్చింది, రెండుసార్లూ గంట బాబాయ్ కర్ర దగ్గరికి తీసుకెళ్ళి వేళ్ళు పెట్టి చూశాడు, రెండుసార్లూ వెనక్కి పోయింది. నలభై ఐదో రోజు, పరీక్షలు వారం ఉన్నాయనగా, నాలుగో కాగితం వచ్చింది. పద్నాలుగో పేరు దగ్గర ఆయన కుడి వేలు ఆగింది. ఆనింది.

"ఇప్పుడు చదువుకో," అన్నాడు మా ఆయనతో.

*

ల్యాబ్‌లో నలభై ఐదు రోజుల దుమ్ము పేరుకుని ఉంది. దులిపాను. అదీ నా పనే, కాదనను. తర్వాత ఫైలు తీసి చూశాను. ప్రిన్సిపాల్ టీ తాగుతూ సంతకం పెట్టిన అనుమతి కాగితం అలాగే ఉంది, ఎవరూ రద్దు చెయ్యలేదు. నలభై రెండు కంప్యూటర్లలోనూ ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాను. అన్నిటికంటే ముందు పదిహేడో నంబరుకి ఎక్కించాను.

ఈసారి లోపల చేసే పని 'గేటు బయట' పేరున పడటం సబబేనా అని గంట బాబాయ్‌ని అడిగాను. "ఇప్పుడు మనం లోపలే ఉన్నాంగా," అని వెళ్ళి గంట కొట్టుకున్నాడు.

వారం తర్వాత ప్రిన్సిపాల్ వచ్చారు. వరసల మధ్య అటూ ఇటూ తిరిగారు. ప్రతి స్క్రీను మీదా రంగుల అక్షరాలు పాకుతున్నాయి, కింద టీమ్ పేరు కనిపిస్తోంది. ఒకటి చదివారు. పక్కది చదివారు. నలభై రెండింటి మీదా అదే ఉందని అర్థమవడానికి కాస్త టైము పట్టింది.

"గేటు బయట," అన్నారు. "ఇదేం పేరమ్మా? కరెంటు మనది, కంప్యూటర్లు మనవి. కాలేజీ పేరు ఉండాలి కదా."

"పాత టీమ్ ఉంది సార్. అందులో కాలేజీ పేరు అలాగే ఉంది. ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది."

"అది కాదు. దీని పేరు మార్చలేమా?"

నేను పదిహేడో నంబరు స్క్రీను తుడుస్తున్నాను. గుడ్డ మడిచి రెండో వైపు తిప్పి, అద్దం మూల దాకా మెల్లగా తుడిచాను.

"కుదరదు సార్," అన్నాను.